పాఠం 14: ఖాళీ సోదాల లెక్క – వాహనాల తనిఖీలో పక్షపాతాన్ని గుర్తించడం

14.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో మీరు శాతాలు కట్టడం నేర్చుకున్నారు. నూటికి ఎంత వడ్డీ, నూరు మందిలో ఎంతమంది బడికి వెళ్తున్నారు వంటి లెక్కలు చేశారు. ఈ పాఠంలో అదే శాతాన్ని మరో పనికి ఉపయోగిద్దాం. మనకు అన్యాయం జరిగిందా లేదా అన్నది కొన్నిసార్లు వాదనతో తేలదు, లెక్కతో తేలుతుంది. అది ఎలాగో చూద్దాం.

ముందుగా ఒక సంఘటన ఊహించుకోండి. మీరు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద పనిచేస్తున్నారు. లింబాయత్‌లో కాపురం. ఊళ్లో కొన్న మోటారు సైకిలును కిందటి నెల రైల్లో వేసి తెచ్చుకున్నారు. దాని నంబరు పలక మీద తెలంగాణ అక్షరాలు ఉన్నాయి. ఒక సాయంత్రం ఎంబ్రాయిడరీ చేయించడానికి చీరల మూట వెనక కట్టుకుని వరాఛా మెయిన్ రోడ్డు మీద వెళ్తున్నారు. సర్థాణా జకాత్‌నాకా దగ్గర పోలీసులు బారికేడ్లు పెట్టారు. మీ ముందున్న బళ్లు ఆగకుండానే వెళ్లిపోయాయి. మిమ్మల్ని మాత్రం ఆపారు. లైసెన్సు చూపించారు. బండి కాగితాలు చూపించారు. అయినా మూట విప్పమన్నారు. విప్పారు. చీరలు తప్ప ఏమీ లేవు. "సరే, వెళ్లు" అన్నారు. రోడ్డు పక్కన చీరలు మళ్లీ మడతపెట్టి కట్టుకునే సరికి అరగంట పోయింది.

మర్నాడు ఈ సంగతి కార్ఖానాలో చెప్పారు. ఒకరు, "మన నంబరు చూసే ఆపిండ్రే అన్నా, మనం బయటోళ్లం గదా" అన్నారు. ఇంకొకరు, "అట్లేం లేదు తమ్మీ, వాళ్ల పని వాళ్లు చేస్తున్నరు. దొంగతనంగా మందు వస్తది గదా, చూడకుంటే ఎట్ల?" అన్నారు.

వీరిద్దరిలో ఎవరిది నిజం? ఈ ఒక్క సంఘటన చూసి చెప్పలేం. ఒక బండిని ఆపడానికి సరైన కారణం ఉండి ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. ఆపిన పోలీసు మనసులో ఏముందో మనకు కనపడదు. కాని చాలా బళ్ల లెక్క ఒకచోట పెడితే మనసులో ఉన్నదాని జాడ ఆ లెక్కలో కనపడుతుంది. ఆ జాడను పట్టుకోవడమే ఈ పాఠం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– తనిఖీకి, సోదాకు తేడా చెప్పగలుగుతారు.
– సోదా శాతం, ఫలిత శాతం, ఖాళీ సోదాల భారం అనే మూడు లెక్కలు కట్టగలుగుతారు.
– ఈ లెక్కలను అర్థం చేసుకోవడంలో జరిగే పొరపాట్లను గుర్తించగలుగుతారు.
– సోదా సమయంలో చట్టం కల్పించిన రక్షణలను వివరించగలుగుతారు.

14.3 కొన్ని మాటల అర్థం

తనిఖీ: బండి ఆపి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు చూడడం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి లైసెన్సు అడిగితే చూపించాలి.

సోదా: బండి డిక్కీ, సీటు కింది అర, మూట, సంచి వంటివి తెరిపించి లోపల వెతకడం. ఇది తనిఖీ కంటే పెద్ద చర్య. దీనికి తగిన కారణం ఉండాలి.

ఖాళీ సోదా: ఏమీ దొరకని సోదా. ఈ మాటను బాగా గుర్తుంచుకోండి. ఈ పాఠానికంతటికీ ఇదే కీలకం.

పక్షపాతం: అనుమానానికి ఒకే రకమైన కారణాలున్నా, ఒక గుంపు వారిని వదిలి మరొక గుంపు వారిని సోదా చేయడం. ఆ గుంపు అమెరికాలో శరీరపు రంగును బట్టి ఏర్పడితే దాన్ని జాతి వివక్ష అంటారు. మన దేశంలో మతం, కులం, భాష, పుట్టిన ప్రాంతం కూడా ఇలాంటి గుంపులకు ఆధారమవుతాయి. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టిన చోటు – వీటిని బట్టి రాజ్యం పౌరుల మధ్య వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 15వ అధికరణం చెబుతుంది.

14.4 వరాఛాలో బళ్లను ఎందుకు ఆపుతారు?

వరాఛా సూరత్ నగరంలో వజ్రాల సానపట్టే పనికి పేరుపడ్డ ప్రాంతం. అక్కడి మినీ బజారులో వజ్రాల బేరాలు రోడ్డు పక్కనే జరుగుతాయి. భావనగర్, అమ్రేలీ వంటి సౌరాష్ట్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవారు అక్కడ ఎక్కువ. నగరంలోని మగ్గాలు, అద్దకం మిల్లులలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర, తెలంగాణ వారు పనిచేస్తారు. అంటే ఆ రోడ్ల మీద తిరిగేవారిలో చాలామంది ఎక్కడి నుంచో వచ్చినవారే. నంబరు పలక, మాట యాస, పేరు, కట్టు బొట్టు – వీటిని బట్టి ఎవరు ఏ ప్రాంతం వారో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

పోలీసులకూ అక్కడ నిజమైన పని ఉంది. గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉంది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టమే 1960లో గుజరాత్ ఏర్పడిన తరువాత కూడా కొనసాగింది. సూరత్‌కు దక్షిణాన ఉన్న దమన్‌లో మద్యం అమ్మకం చట్టబద్ధమే. అందువల్ల అటునుంచి దొంగచాటుగా వచ్చే మద్యం కోసం బళ్లు వెతుకుతారు. మాదక ద్రవ్యాలు, దొంగసొత్తు కోసమూ వెతుకుతారు.

కాబట్టి "బయటి బండిని ఆపారు, ఇది పక్షపాతమే" అని వెంటనే అనకూడదు. పరరాష్ట్ర బండిని పన్నెండు నెలలకు మించి వాడాలంటే కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కనుక పరరాష్ట్ర నంబరు కనబడితే కాగితాలు అడగడానికి కారణం ఉంది. మరి మూట విప్పించడానికి ఆ నంబరు ఒక్కటే చాలుతుందా? అక్కడే మన లెక్క మొదలవుతుంది.

పాఠగత ప్రశ్నలు – 1

అ) లైసెన్సు అడగడం తనిఖీయా, సోదాయా?
ఆ) ఏమీ దొరకని సోదాను ఈ పాఠంలో ఏమన్నాం?
ఇ) వివక్షను నిషేధించే రాజ్యాంగ అధికరణం ఏది?

14.5 మూడు లెక్కలు

లెక్క నేర్చుకోవడం కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి నిజమైన అంకెలు కావు.

ఒక నాకా గుండా ఒక రోజు 1,000 బళ్లు వెళ్లాయనుకోండి. అందులో 900 స్థానిక నంబరువి. 100 పరరాష్ట్ర నంబరువి.

స్థానిక బళ్లు: 900. సోదా చేసినవి 45. సరుకు దొరికినవి 9. ఖాళీ సోదాలు 36.
పరరాష్ట్ర బళ్లు: 100. సోదా చేసినవి 30. సరుకు దొరికినవి 3. ఖాళీ సోదాలు 27.

మొదటి లెక్క – సోదా శాతం. నూరు బళ్లు వెళ్తే ఎన్నిటిని సోదా చేశారు?
స్థానిక బళ్లు: 45ను 900తో భాగించి 100తో హెచ్చిస్తే 5 శాతం.
పరరాష్ట్ర బళ్లు: 30ని 100తో భాగించి 100తో హెచ్చిస్తే 30 శాతం.

అంటే పరరాష్ట్ర బండిని సోదా చేసే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. ఇది పక్షపాతానికి రుజువా? ఇంకా కాదు. పరరాష్ట్ర బళ్లలో నిజంగానే ఎక్కువ సరుకు వస్తూ ఉంటే, అనుభవం ఉన్న పోలీసు వాటినే ఎక్కువగా చూస్తాడు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటను పరీక్షించడానికే రెండో లెక్క.

రెండో లెక్క – ఫలిత శాతం. నూరు సోదాలు చేస్తే ఎన్నిటిలో సరుకు దొరికింది?
స్థానిక బళ్లు: 9ని 45తో భాగించి 100తో హెచ్చిస్తే 20 శాతం.
పరరాష్ట్ర బళ్లు: 3ను 30తో భాగించి 100తో హెచ్చిస్తే 10 శాతం.

ఇప్పుడు ఆలోచించండి. పరరాష్ట్ర బళ్ల మీద అనుమానం సరైనదే అయితే, వాటిని సోదా చేసినప్పుడు కనీసం స్థానిక బళ్లలో దొరికినంతైనా దొరకాలి. కాని సగమే దొరికింది. అంటే స్థానికుల విషయంలో గట్టి అనుమానం ఉంటేనే మూట విప్పించారు. బయటివారి విషయంలో కొద్దిపాటి అనుమానానికే విప్పించారు. అనుమానపు హద్దు ఇద్దరికీ ఒకటిగా లేదు. పక్షపాతం జాడ ఇక్కడ కనపడుతుంది.

ఫలితాన్ని బట్టి వివక్షను పట్టుకునే ఈ ఆలోచనకు బాట వేసినవారిలో అమెరికా అర్థశాస్త్రవేత్త గ్యారీ బెకర్ ముఖ్యుడు. ఆయనకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదే పద్ధతిని బ్యాంకు రుణాలకూ వాడతారు. ఒక గుంపు వారికి ఇచ్చిన రుణాలు మిగతా వారి రుణాల కంటే బాగా తీరుతున్నాయంటే, ఆ గుంపు వారికి బ్యాంకు మరీ గట్టి షరతులు పెడుతోందని అనుమానించాలి.

మూడో లెక్క – ఖాళీ సోదాల భారం. దారిన పోయే నూరు బళ్లలో ఎన్ని ఊరికే సోదాకు గురయ్యాయి?
స్థానిక బళ్లు: 900లో 36, అంటే నూటికి 4.
పరరాష్ట్ర బళ్లు: 100లో 27, అంటే నూటికి 27.

ఏ తప్పూ చేయకుండా రోడ్డు పక్కన మూట విప్పుకుని నిలబడ్డవారి లెక్క ఇది. పోయిన అరగంట, పోయిన కూలి, నలుగురిలో పోయిన పరువు ఈ అంకెలోనే ఉన్నాయి. ఉపోద్ఘాతంలో చెప్పుకున్న చీరల మూట కూడా ఇందులోకే వస్తుంది.

14.6 వినడానికి బాగుండే ఒక పొరపాటు వాదన

పై అంకెలనే తీసుకుని ఒకరు ఇలా వాదించవచ్చు: "మొత్తం 12 బళ్లలో సరుకు దొరికింది. అందులో 3 పరరాష్ట్రానివి. అంటే 25 శాతం. రోడ్డు మీద వాటి సంఖ్య 10 శాతమే. చూశారా, నూటికి పదిమంది ఉన్నవారు నేరంలో నూటికి ఇరవై అయిదు వంతులు చేస్తున్నారు!"

అంకెలన్నీ సరైనవే. ముగింపు మాత్రం తప్పు. ఎందుకో మీరే కాసేపు ఆలోచించి ముందుకు చదవండి.

పరరాష్ట్ర బళ్లను ఆరు రెట్లు ఎక్కువగా వెతికారు. ఎక్కడ ఎక్కువ వెతుకుతామో అక్కడ ఎక్కువ దొరుకుతుంది. ఒక చెరువులో పది వలలు, ఇంకో చెరువులో ఒక వల వేసి, చేపలన్నీ మొదటి చెరువులోనే ఉన్నాయంటే ఒప్పుకుంటామా? ఎన్ని వలలు వేశారని అడుగుతాం. అలాగే "ఇంతమంది పట్టుబడ్డారు" అని ఎవరైనా చెబితే "ఎంతమందిని వెతికితే?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఖాళీ సోదాలు కూడా రాసి ఉండాలి. దొరికినవే రాసి, దొరకనివి రాయకపోతే ఏ లెక్కా కుదరదు.

ఇలాంటి ఆలోచన మన తెలుగు నేల మీద ఎంత అన్యాయానికి దారితీసిందో చూడండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. ఎరుకల వంటి తెగలలో పుట్టినవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేశారు. వారు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటరాదు. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలాంటివారిని ఉంచడానికి 1910లలో ఏర్పడిన సెటిల్‌మెంటు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందుగా వారినే వెతికేవారు. వెతికిన చోట కొందరు దొరికేవారు. దొరికారు కాబట్టి మళ్లీ వారినే వెతికేవారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఆ తెగలను విముక్త జాతులు అంటున్నాం. కాని అనుమానం చట్టంతో పాటు పోలేదు. విముక్త జాతుల వారిని ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడాలని 2024 అక్టోబరులో కూడా సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించవలసి వచ్చింది.

పాఠగత ప్రశ్నలు – 2

అ) సోదా శాతం కట్టడానికి సోదాల సంఖ్యను దేనితో భాగించాలి?
ఆ) ఫలిత శాతం కట్టడానికి సరుకు దొరికిన సోదాల సంఖ్యను దేనితో భాగించాలి?
ఇ) "పట్టుబడినవారిలో వారే ఎక్కువ" అని ఎవరైనా అంటే మీరు అడగవలసిన ప్రశ్న ఏమిటి?

14.7 లెక్క నిజంగా జరిగిన చోటు

ఈ లెక్కలు నిజంగా కట్టిన చోటు అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం. ఆ కథ తెలుసుకోదగినది.

1992 మే నెలలో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి న్యాయవాది తాతగారి అంత్యక్రియలు ముగించుకుని, బంధువులతో కలిసి అద్దె కారులో షికాగో నుంచి వాషింగ్టన్‌కు వస్తున్నారు. మేరీల్యాండ్ పోలీసులు వేగం ఎక్కువని కారు ఆపారు. సోదాకు ఒప్పుకోమన్నారు. తగిన కారణం లేకుండా సోదా చేయడం కుదరదని విల్కిన్స్ మర్యాదగా చెప్పారు. అయినా పోనివ్వలేదు. వాసన పట్టే కుక్కను రప్పించి, వారందరినీ వానలో రోడ్డు పక్కన నిలబెట్టి కారు చుట్టూ తిప్పారు. ఏమీ దొరకలేదు.

విల్కిన్స్ 1993లో కేసు వేశారు. 1995లో రాజీ కుదిరింది. ఆ రాజీలోని ఒక షరతు మనకు ముఖ్యం: బండి ఆపి సోదా చేసిన ప్రతిసారీ, ఆ వ్యక్తి జాతితో సహా వివరాలను పోలీసులు నమోదు చేయాలి. అంటే ఖాళీ సోదాలు కూడా కాగితం మీదికి వచ్చాయి. లెక్క కట్టడం సాధ్యమైంది. (విల్కిన్స్ తరువాత న్యాయమూర్తి అయ్యారు. 2014లో వాషింగ్టన్‌లోని కేంద్ర అప్పీళ్ల కోర్టుకు వచ్చారు.)

అప్పుడు జాన్ లాంబర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రంగంలోకి దిగాడు. సోదాల లెక్క పోలీసుల దగ్గర ఉంది. మరి రోడ్డు మీద వెళ్లేవారిలో నల్లవారు ఎంతమంది? అది లేకపోతే భాగించడానికి కింది అంకె ఉండదు. అందుకని ఆయన బృందం ఐ-95 అనే పెద్ద రహదారి మీద కార్లు నడుపుతూ 5,000కు పైగా కార్లను చూసి, నడిపేవారిని లెక్కపెట్టింది. నల్లజాతి డ్రైవర్లు సుమారు 17 శాతం. వేగ పరిమితి వంటి నియమాలు దాటినవారిలోనూ వారు సుమారు అంతే. కాని 1995 జనవరి నుంచి 1996 సెప్టెంబరు వరకు ఆ దారిలో పోలీసులు సోదా చేసిన 823 మందిలో 600 మంది, అంటే సుమారు 73 శాతం, నల్లవారు.

మరి ఫలిత శాతం? సోదా చేసినవారిలో సరుకు దొరికింది నల్లవారిలో 28.4 శాతం, తెల్లవారిలో 28.8 శాతం. దాదాపు సమానం. అంటే నల్లవారిని అన్ని రెట్లు ఎక్కువగా వెతికినా, ఒక్కొక్క సోదాకు దొరికింది ఎక్కువేమీ కాదు. ఏ జాతి వారినైనా నూరు మందిని వెతికితే డెబ్బైకి పైగా ఖాళీ సోదాలే. ఆ ఖాళీ సోదాలలో పెద్ద వాటా నల్లవారి మీద పడింది.

14.8 లెక్కను జాగ్రత్తగా చదవడం

ఇక్కడ తొందరపడకూడదు. అవే మేరీల్యాండ్ సోదాల లెక్కలను 1995 నుంచి 1999 వరకు తీసుకుని ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు 2001లో ఒక వ్యాసం రాశారు. వారి లెక్కలో ఫలిత శాతం నల్లవారికి 34, తెల్లవారికి 32. రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి నల్లవారి మీద ద్వేషంతో సోదా చేశారని ఈ పరీక్షతో చెప్పలేమని వారన్నారు. కాని స్పానిష్ మూలాలున్న వారికి ఫలిత శాతం 11 మాత్రమే. వారి విషయంలో పక్షపాతం జాడ ఉందన్నారు. ఒకే పుస్తకంలోని లెక్క ఒక గుంపు విషయంలో ఒక జవాబు, మరో గుంపు విషయంలో మరో జవాబు ఇచ్చింది. లెక్క ఎవరి పక్షమూ కాదు. పోలీసులు న్యాయంగా ఉంటే ఆ సంగతినీ లెక్కే చెబుతుంది.

ఫలిత శాతానికి ఒక లోపం కూడా ఉంది. నూటికి పది పాళ్లు అనుమానం ఉన్న ప్రతి బండినీ, ఎవరిదైనా సరే, సోదా చేసే నిజాయితీపరుడైన పోలీసును ఊహించుకోండి. మొదటి గుంపులో అనుమానం కలిగించే బళ్లు కొన్నే ఉన్నాయి, కాని వాటిలో అనుమానం గట్టిది – సీసాల చప్పుడు, వాసన. రెండో గుంపులో అనుమానం కలిగించే బళ్లు ఎక్కువే, కాని అనుమానం హద్దుకు కాస్త పైన మాత్రమే. ఆ పోలీసు ఇద్దరికీ ఒకే హద్దు పాటించినా మొదటి గుంపులో ఫలిత శాతం ఎక్కువ వస్తుంది. కనుక ఫలిత శాతాల తేడా గట్టి సూచన మాత్రమే. అది చివరి తీర్పు కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ లోపాన్ని సరిచేస్తూ, సోదా శాతాన్ని, ఫలిత శాతాన్ని కలిపి అనుమానపు హద్దునే అంచనా కట్టే పద్ధతి తయారుచేశారు. దేశమంతటా దాదాపు 10 కోట్ల వాహనాల నిలుపుదలలను పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. నల్లవారిని, స్పానిష్ మూలాల వారిని తెల్లవారి కంటే తక్కువ అనుమానానికే సోదా చేస్తున్నారని తేలింది.

ఆపడంలోనే పక్షపాతం ఉందా అని చూడడానికి చీకటి పరీక్ష అనే తెలివైన ఉపాయం ఉంది. దీన్ని 2006లో గ్రోగర్, రిడ్జ్‌వే అనే పరిశోధకులు ప్రతిపాదించారు. దాన్ని సూరత్‌కు అన్వయించుకుందాం. సాయంత్రం ఆరుముప్పావు తీసుకోండి. జూన్‌లో అప్పటికి ఇంకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో చీకటి పడి ఉంటుంది. గంట ఒకటే, పని వదిలి ఇంటికి వెళ్లేవారూ ఇంచుమించు వారే. తేడా వెలుగులోనే. మనిషి ముఖం, కట్టు బొట్టు కనబడే వెలుతురులో ఒక గుంపు వారిని ఎక్కువగా ఆపి, కనబడని చీకటిలో తక్కువగా ఆపుతుంటే, ఆపడానికి కారణం ఆ కనబడేదే అని అనుమానించాలి. వీధి దీపాలు బాగా వెలిగే చోట ఈ పరీక్ష బలహీనపడుతుంది. ఇదీ గుర్తుంచుకోవాలి.

14.9 మన చట్టం, మన పని

బ్రిటన్‌లో 1984 నాటి చట్టం ప్రకారం, ఆపి సోదా చేసిన పోలీసు దాన్ని నమోదు చేయాలి. సోదాకు గురైనవారు ఆ నమోదు ప్రతి కోరవచ్చు. జాతుల వారీగా ఈ లెక్కలను ప్రభుత్వం ప్రచురిస్తుంది. మన దేశంలో నాకా దగ్గర జరిగే ప్రతి సోదాను, ఖాళీ సోదాలతో సహా, గుంపుల వారీగా లెక్కకట్టి ప్రచురించే ఏర్పాటు లేదు. పట్టుబడిన సరుకు గురించి పత్రికల్లో చదువుతాం. విప్పించి వదిలేసిన మూటల గురించి ఎక్కడా చదవం.

ఇది చిన్న లోటు కాదు. 2019లో కామన్ కాజ్, సి.ఎస్.డి.ఎస్. అనే సంస్థలు 21 రాష్ట్రాలలో సుమారు 12,000 మంది పోలీసు సిబ్బందిని అడిగి ఒక నివేదిక తెచ్చాయి. ముస్లింలు సహజంగానే నేరాలకు మొగ్గుచూపే అవకాశం ఎంతో కొంత ఉందని అందులో సుమారు సగం మంది అభిప్రాయపడ్డారు. అభిప్రాయం ఉన్నంత మాత్రాన పనిలో పక్షపాతం చూపారని కాదు. కాని చూపారో లేదో తేల్చే లెక్క ఉండాలని మాత్రం ఇది చెబుతుంది.

చట్టం కొన్ని రక్షణలు కల్పించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో "స్థలం" అనే మాటలో వాహనం కూడా చేరి ఉంది. దర్యాప్తులో భాగంగా వారంటు లేకుండా సోదా చేసే అధికారి అందుకు కారణాలు రాతలో పెట్టాలి (185వ సెక్షన్). స్థలాన్ని సోదా చేసేటప్పుడు స్థానికులైన ఇద్దరు సాక్షులను పిలవాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయాలి (103వ సెక్షన్). సోదాను వీడియో తీయాలి (105వ సెక్షన్). మద్యం, మాదక ద్రవ్యాలకు వేరే చట్టాలు ఉన్నాయి. వాటిలో అధికారాలు కొంత వేరుగా ఉంటాయి.

మిమ్మల్ని ఆపినప్పుడు ఇలా చేయండి:

– ఆగండి. కాగితాలు చూపించండి. గొడవ పడకండి. పరుగెత్తకండి.
– "అయ్యా, సోదా ఎందుకు చేస్తున్నారో చెప్పండి" అని మర్యాదగా అడగండి. బలవంతంగా అడ్డుకోకండి.
– ఇంటికి వచ్చాక తేదీ, సమయం, చోటు, చెప్పిన కారణం, ఏమి వెతికారు, ఏమైనా దొరికిందా అన్నవి నోటుపుస్తకంలో రాసుకోండి. తోటి కార్మికులనూ రాయమనండి.
– వస్తువు తీసుకుంటే జాబితా ప్రతి అడగండి.
– అన్యాయం జరిగిందనిపిస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. కార్మికులు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు ఈ సహాయానికి అర్హులు.
– సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక నాకాలో ఎన్ని సోదాలు జరిగాయి, ఎన్నిటిలో సరుకు దొరికింది అని అడగవచ్చు. "అలాంటి నమోదు లేదు" అన్న జవాబు వచ్చినా దాన్ని దాచుకోండి. నమోదు ఉండాలని కోరడానికి అదే మొదటి ఆధారం.

ఒక జాగ్రత్త: మీ పుస్తకంలో మీ గుంపు వారి సోదాలే ఉంటాయి. దానితో పక్షపాతం రుజువు కాదు. పోల్చడానికి రెండో గుంపు లెక్క కూడా కావాలి. ఖాళీ సోదాలు జరిగాయన్నది మాత్రం ఇక ఎవరూ కాదనలేరు.

14.10 సారాంశం

ఒక్క సంఘటనను బట్టి పక్షపాతాన్ని తేల్చలేం. ఎక్కువమందిని సోదా చేయడం ఒక్కటే రుజువు కాదు. సోదా చేసినప్పుడు ఎంత దొరికిందో కూడా చూడాలి. ఎక్కువగా వెతికి తక్కువ దొరికితే, ఆ గుంపు వారిని తక్కువ అనుమానానికే సోదా చేస్తున్నారని గట్టిగా అనుమానించవచ్చు. పట్టుబడినవారి సంఖ్య మాత్రమే చూస్తే మోసపోతాం. దొరికిన సోదాతో పాటు దొరకని సోదాను కూడా రాసినప్పుడే లెక్క కుదురుతుంది. ఆ లెక్క నిర్దోషికి ఎంత అవసరమో, నిజాయితీగా పనిచేసే పోలీసుకూ అంతే అవసరం.

14.11 పాఠాంత ప్రశ్నలు

1. ఒక నాకా గుండా మొదటి గుంపు బళ్లు 800, రెండో గుంపు బళ్లు 200 వెళ్లాయి. రెండు గుంపులలోనూ 40 చొప్పున సోదా చేశారు. మొదటి గుంపులో 8, రెండో గుంపులో 4 బళ్లలో సరుకు దొరికింది. మూడు లెక్కలూ కట్టి, మీ అభిప్రాయం రాయండి.
2. మేరీల్యాండ్‌లో రోడ్డు మీది కార్లను లెక్కపెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చింది?
3. నేరస్థ తెగల చట్టం వెనక ఉన్న తర్కంలో పొరపాటు ఏమిటి?
4. మీ వీధిలో లేదా కార్ఖానాలో పదిమందిని అడిగి, గత మూడు నెలల్లో వారికి జరిగిన తనిఖీలు, సోదాలు, ఖాళీ సోదాలు వేరువేరుగా రాయండి. ఈ పట్టికతో ఏమి చెప్పగలరు, ఏమి చెప్పలేరు?

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. అ) తనిఖీ. ఆ) ఖాళీ సోదా. ఇ) 15వ అధికరణం.
2. అ) ఆ గుంపులో ఆ దారిన వెళ్లిన మొత్తం బళ్ల సంఖ్యతో. ఆ) ఆ గుంపులో జరిగిన మొత్తం సోదాల సంఖ్యతో. ఇ) "ఎంతమందిని వెతికితే?"

పాఠాంత ప్రశ్న 1కి సూచన: సోదా శాతం 5, 20. ఫలిత శాతం 20, 10. ఖాళీ సోదాల భారం నూటికి 4, నూటికి 18. అభిప్రాయం మీ మాటల్లో రాయండి. రాసే ముందు 14.8 భాగం మరొకసారి చదవండి.